ఏ చిట్టియ్య గారి గురించి?

విశాఖపట్నం,
14 జూన్ 2025

అత్తయ్యా, వందనాలు.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ పిల్ల ఉత్తరం రాయడం ఏంటని నవ్వుకోకండి. మొన్న ఫోను చేస్తే చెవి మిషను కుయ్యిమంటోందని మీరు మావయ్యకి ఇచ్చేశారు. ఇక ఆయన వదిలితేగా! మా హాస్టల్ భోజనం, మీ పెరట్లో అరటి గెల, బస్సులో కలిసిన ఎవరో కండక్టరు కథ. నా చిన్నప్పటి నుంచీ ఆయన నాతో అన్న మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. ఆశ్చర్యంలో నేను అడగాల్సింది మర్చిపోయాను.

అడగాల్సింది ఇదీ. నా పీహెచ్‌డీ మనిషి గుణం గురించి. మా సైకాలజీలో పూర్వం కొందరికి ఒక ఆలోచన వచ్చింది. ఒకరి గురించి ఒకరికి తెలియాల్సిన ముఖ్యమైన సంగతి ఏదున్నా, దానికి జనం నోట్లో ఎప్పుడో ఒక మాట పుట్టే ఉంటుంది కదా అని. దాంతో నిఘంటువు ముందేసుకుని స్వభావాన్ని చెప్పే మాటలన్నీ ఏరారు. వేలకు వేలు వచ్చాయి. ఆ మాటలతో జనాన్ని అంచనా వేయించి, ఏ మాట ఏ మాటతో కలిసి నడుస్తుందో తర్వాతివాళ్ళు లెక్క కట్టారు. అన్ని వేల మాటలూ చివరికి అయిదు కుప్పలుగా సర్దుకున్నాయి. కొత్తదాని మీద కుతూహలం, పనిలో పద్ధతి, నలుగురిలో కలివిడి, ఎదుటివాళ్ళ పట్ల మెత్తదనం, లోపలి కంగారు. మనుషుల్ని ఈ అయిదు గదుల్లో పెట్టి తాళం వేయరు అత్తయ్యా. ఎత్తూ బరువూ లాగా అందరిలోనూ అయిదూ ఉంటాయి, ఎంతెంత అన్నదే తేడా. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎవరూ కూర్చుని ఆలోచించకుండానే, అరుగుల మీద అనుకున్న మాటల్లో మనిషి నమూనా దాగుందా అని.

తెలుగులోనూ అలాగే తేలుతుందా అన్నది నా ప్రశ్న. మీరు ఇన్నేళ్ళు తెలుగు చెప్పిన టీచరు. మనవాళ్ళు మనుషుల్ని ఏమేం అంటారో రాసి పంపండి. దీంతోపాటు కొన్ని వాక్యాలు పెడుతున్నాను. మీకు బాగా తెలిసిన ఒక మనిషిని తలచుకుని, ఒక్కొక్కటీ ఆ మనిషికి ఎంతవరకు నప్పుతుందో చెప్పాలి. మావయ్య గురించైతే మీకంటే ఎవరికి తెలుసు?

మీ పుత్రరత్నం ఫిన్నీ రాజమండ్రి నుంచి వస్తే అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు,
హెలెన్


రామచంద్రపురం,
22 జూన్ 2025

హెలెన్ తల్లికి, ప్రభువు చల్లగా చూడాలి.

నీ ఉత్తరం మీద పోస్టుమాన్ నా పేరు పైకి చదివి మరీ ఇచ్చాడు. రిటైరయ్యాక నాకు ఎవరైనా పని అప్పగించడం ఇదే మొదలు. వంట పొయ్యి మీద పెట్టి మాటలు రాసుకుంటూ కూర్చున్నాను. బోళా. గుంభనం. కలుపుగోలు. ముభావం. నెమ్మదస్తుడు. చిరచిరలాడే మనిషి. చెయ్యి విదల్చని మనిషి. నోట్లో నాలుక లేని మనిషి. విచిత్రం ఏంటంటే, ఏ మాట రాసినా ఆ మాటతోపాటు ఒక మనిషి వచ్చి నిలబడుతున్నాడు. గుంభనం అని రాస్తే మా పాత హెడ్మిస్ట్రెస్సు ఆశాజ్యోతి గారు. బోళా అంటే మీ నాన్న. వట్టి మాటలకి ఇంత ప్రాణం ఉందని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా నాకు తట్టలేదే!

తర్వాత నీ వాక్యాలు తీశాను. అక్కడ ఆగిపోయాను. "నలుగురిలో ఉన్నప్పుడు ఎక్కువగా మాట్లాడతారు." ఏం రాయను? ఏ చిట్టియ్య గారి గురించి రాయమంటావు, క్రిస్మస్‌కి ముందున్న ఆయన గురించా, ఇప్పుడున్న ఆయన గురించా?

నీకు తెలిసిందే కదా. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా సైకిలు మీద కాలవ గట్లన్నీ తిరిగొచ్చేవారు, ఇంటికొచ్చాక నోరు విప్పేవారు కాదు. నన్ను పేరుతో పిలిచి ఎరగరు. "ఇదిగో" అనేవారు. చుట్టాలొస్తే వెనక గదిలోకి పోయేవారు. చెడ్డవారు కాదు, ఒక్కరోజు చెయ్యెత్తలేదు, తాగలేదు. కానీ ఒక ఇంట్లో ఇద్దరు విడివిడిగా ముసలాళ్ళమయ్యాం.

క్రిస్మస్ దాటాక మెల్లగా మొదలైంది. ఒకరోజు భోజనం దగ్గర "సంపూర్ణం, నువ్వు తిన్నావా?" అన్నారు. నా మిషను సరిగ్గా వినలేదనుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అన్నారు. వంటింట్లోకి పోయి గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఇప్పుడు పొద్దున్నే బస్టాండుకి పోతారు. ఆటో నడిపే పెద్దిరాజు, పూలమ్మే ఆవిడ, కండక్టర్లు, అందరూ స్నేహితులే. "మా ఇంటికి రండి, ఆదివారం రండి" అని దారినపోయే వాళ్ళందరినీ పిలుస్తారు. ద్రాక్షారామం పోయే బస్సులో ఎవరికో తన గొడుగు ఇచ్చేసి తడిసి వచ్చారు. గుడిలో కీర్తన అందరికంటే గట్టిగా పాడుతున్నారు. మన పాస్టరు అయ్యగారు ఈస్టరు ముందు మట్టల ఆదివారం నాడు, దేవుడు చేసిన మేలు గురించి ఆయన చేత సాక్ష్యం చెప్పించారు. జనం ఏడ్చారు.

నా ప్రార్థన ఇన్నాళ్ళకి వినబడింది తల్లీ. నీ వాక్యాలకి రెండు రకాలుగానూ జవాబు రాసి పెడుతున్నాను. ఏది కావాలో తీసుకో.

మీ అత్తయ్య,
సంపూర్ణమ్మ


విశాఖపట్నం,
27 జూన్ 2025

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. "నువ్వు తిన్నావా" దగ్గర. మళ్ళీ చదివితే కంగారు పట్టుకుంది. దాచకుండా రాస్తున్నాను, కోప్పడకండి.

మేం చదువుకునే ఈ గుణాలు రాళ్ళేం కావు, మారతాయి. అయితే వయసుతోపాటు నెమ్మదిగా, ఏళ్ళ మీద. అరవై ఎనిమిదేళ్ళ మనిషి కొద్ది నెలల్లోనే మాటకారి అయిపోయి, వస్తువులు పంచేస్తూ, ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఇంటికి పిలుస్తున్నారంటే అది ఒంట్లో ఏదో తేడా చేసినందువల్ల కూడా కావచ్చు. మెదడు ముందు భాగంలో ఇబ్బంది వచ్చినప్పుడు ఇలా అవుతుందని మా గైడు గారు అన్నారు. పేరు చెప్పకుండా ఆవిడని అడిగాను. ఒక స్కాను తీయిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. ఈలోగా మావయ్యని జాగ్రత్తగా గమనించండి, ఏ తేడా కనిపించినా తేదీ వేసి రాసి నాకు పంపండి.

హెలెన్


రామచంద్రపురం,
6 జూలై 2025

హెలెన్‌కి,

మీ మావయ్య నలభై ఏళ్ళు గోడలాగా కూర్చుని తింటే ఎవరూ స్కాను తీయించమనలేదు. మనిషి మనిషిలా మాట్లాడితే జబ్బా?

నీ చదువు ఏం చెబుతోందో నాకు అర్థమైంది. అరవై దాటిన మనిషిని దేవుడు కూడా మార్చలేడు, అంతేగా? ఆ మాట గుడిలో నిలబడి అనగలవా? తేదీలు వేసి రాసి పంపమన్నావు. నీ పుస్తకానికి మీ మావయ్య సరుకు కాదమ్మా.

ఆయనకేం, రాయిలా ఉన్నారు. నిన్న పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొట్టి, నేను పెరట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి పొయ్యి పక్కనే కూర్చుని హాయిగా పేపరు చదువుకుంటున్నారు. "ఏం కంపూ లేదే" అని నవ్వారు. ఈమధ్య అన్నింటికీ నవ్వే. ఎదురింటి సాల్మన్ గారు పోతే శవపేటిక దగ్గర కూడా నవ్వొచ్చింది ఆయనకి. ఆ ఇంటివాళ్ళు మనసులో పెట్టుకున్నారు గానీ, నేనే సర్ది చెప్పాను. నవ్వడం రాని మనిషికి కొత్తగా వస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుందా?

నేను జవాబులు రాసి పంపిన కాగితం తిరిగి పంపించు.

సంపూర్ణమ్మ


విశాఖపట్నం,
11 జూలై 2025

అత్తయ్యా,

కాగితం ఇందులోనే ఉంది. మావయ్య గురించి ఒక్క అక్షరం కూడా నా పరిశోధనలో వాడలేదు, వాడను. రాసి పంపమన్నది డాక్టరుకి చూపించడానికి. ఆ మాట రాయకపోవడం నా తప్పు. దేవుడు మార్చలేడని నేను అనలేదు. దేవుడు మారిస్తే స్కాను తీసినా మార్పు అలాగే ఉంటుంది కదా, పోయేదేముంది?

మాడిన పాల వాసన ఆయనకి తెలియలేదని రాశారు. అది మామూలు సంగతి కాదు అత్తయ్యా. వాసన పట్టే నరాలు మెదడు ముందు భాగం కిందే ఉంటాయి. మతిమరుపైతే పొయ్యి సంగతి మర్చిపోయారనుకోవచ్చు. ఆయన పక్కనే కూర్చున్నారు. నేను రాత మానేసి మీ కాళ్ళ మీద పడుతున్నాను అనుకోండి. ఫిన్నీకి కూడా ఫోను చేశాను. నాలుగో శనివారం బ్యాంకు సెలవు, వాడు కారు తీసుకొస్తాడు. వాడి మీద కోప్పడకుండా కారెక్కండి.

మీరు నాతో మాట్లాడకపోయినా పరవాలేదు.

హెలెన్


రామచంద్రపురం,
2 ఆగస్టు 2025

హెలెన్ తల్లీ,

ఏమని మొదలుపెట్టను? నీ మాటే నిజమైంది.

రాజమండ్రిలో స్కాను తీశారు. మిషనులోకి వెళ్తూ కూడా మీ మావయ్య అక్కడి కుర్రాడితో "మీది ఏ ఊరు బాబూ" అని మొదలుపెట్టారు. డాక్టరు సురేంద్ర గారు నన్ను, ఫిన్నీని లోపలికి పిలిచి తెరమీద చూపించారు. నుదుటి వెనకాల, రెండు కళ్ళకీ నడిమధ్య పైన, తెల్లగా నిమ్మకాయంత గడ్డ. మెదడుది కాదట, మెదడు పైపొరలోంచి పెరిగిందట. క్యాన్సరు కాదన్నారు. ఎన్నో ఏళ్ళ నుంచి కొంచెం కొంచెంగా పెరుగుతూ ఉండుంటుందన్నారు. తీయకపోతే చూపు పోతుంది, ఫిట్స్ వస్తాయి.

తెర వంకే చూస్తూ ఉండిపోయాను. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఏదో తెలుసా? గుడిలో నిలబడినప్పుడు ఒక్కోసారి వస్తుందే, అలాంటిది. ఆ చిన్న ముద్ద ఒత్తుకున్నందుకు ఒక మనిషి పాట పాడాడు. గొడుగు ఇచ్చేశాడు. భార్యని పేరు పెట్టి పిలిచాడు. మనిషి అంటే ఇంత సన్నటి దారం మీద ఉన్నాడా? మనం కోపం అనీ, మంచితనం అనీ, ముభావం అనీ పేర్లు పెట్టుకుని, ఒకరినొకరు మెచ్చుకుని, తిట్టుకుని, పెళ్ళిళ్ళు చేసుకుని బతికేది దీని మీదనా?

డాక్టరు గారిని అడిగాను, "అది తీసేస్తే ఈయన మళ్ళీ మునుపటిలా అయిపోతారా అండీ?" అని. అందరూ అవ్వాలనే కోరుకుంటారమ్మా అన్నారు. నేను ఎందుకు అడిగానో ఆయనకి అర్థం కాలేదు. ఫిన్నీకి అర్థమైంది. తల పక్కకి తిప్పుకున్నాడు.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నలభై ఏళ్ళు ఆయన ఇంట్లో ఉన్నాను. ఆయనతో కాపురం చేసింది మాత్రం క్రిస్మస్ నుంచే. ఇప్పుడు కత్తి పెట్టి ఈయన్ని తీసేసి ఆయన్ని తెచ్చిస్తారట. నేను సంతకం పెట్టాలట. కాగితం ఇంకా ఫిన్నీ దగ్గరే ఉంది. ఇంత చదివావు కదా, చెప్పు. ఏది ఆయన అసలు గుణం? దేవుడిచ్చాడని నేను సాక్ష్యం చెప్పుకున్నది ఏంటి, గడ్డా?

అత్తయ్య


విశాఖపట్నం,
6 ఆగస్టు 2025

అత్తయ్యా,

మీ ఉత్తరం పట్టుకుని బీచ్‌కి వెళ్ళి కూర్చున్నాను. నాకు తెలిసినంతా తలకిందులు చేసి వెతికాను. నిజం చెప్పనా? నాకు తెలియదు.

గుణం అని మేం దేన్నంటామంటే, ఒక మనిషి మాటిమాటికీ ఎలా ఉంటాడో, ఎలా నడుచుకుంటాడో దాన్ని. ఇతను తరచుగా మాట్లాడతాడు, ఇతను తరచుగా కంగారు పడతాడు. వేల మందిని చూసి లెక్క కడతాం కాబట్టి చాలావరకు సరిగ్గానే చెబుతాం. ఆ తరచుదనం వెనక కూర్చున్న మనిషి ఎవరో మా లెక్కకి అందడు. ఇన్నాళ్ళూ అందకపోతే అది పరిశోధనలో లోటని అనుకునేదాన్ని. మీ ఉత్తరం చదివాక లోటు అనబుద్ధి కావడం లేదు. గుడి తలుపు దగ్గర చెప్పులు విప్పి ఆగినట్టుగా ఉంది.

తెలిసింది ఒక్కటి చెబుతాను. గడ్డ ఇక్కడితో ఆగదు. ఇప్పుడు కలివిడిని తెచ్చింది, రేపు ఆ కలివిడినీ మింగేస్తుంది. చూపు పోయాక, ఫిట్స్ వచ్చాక బస్టాండుకి వెళ్ళే ఈ మావయ్య కూడా మీకు మిగలరు. ఆపరేషన్ తర్వాత చాలామంది మునుపటికి దగ్గరగా వస్తారట. కొందరు రారట. ఎవరొస్తారో ముందే ఎవరూ మాటివ్వలేరు.

సంతకం పెట్టమని నేను చెప్పలేను, మీరే పెట్టాలి. ఆ రోజు మాత్రం మీ పక్కన ఉంటాను. సెలవు పెట్టేశాను.

హెలెన్


రామచంద్రపురం,
14 సెప్టెంబరు 2025

హెలెన్‌కి, అత్తయ్య ముద్దులు.

ఆపరేషన్ అయ్యాక నువ్వు విశాఖ బస్సెక్కేసరికి ఆయన ఇంకా మత్తులోనే ఉన్నారు. ఆ తర్వాతి సంగతులు ఫిన్నీ ఫోనులో కొన్ని చెప్పే ఉంటాడు. వాడు చెప్పనివి నేను రాస్తాను.

పూర్తిగా తెలివొచ్చాక కళ్ళజోడు అడిగారు. పెట్టుకుని గదంతా చూశారు. మూలన కుళాయి కారుతుంటే "కట్టెయ్" అన్నారు. నాకు అప్పుడే తెలిసిపోయింది. నర్సు వచ్చి "తాతగారూ, పేరేంటి, ఊరేంటి" అని అడిగితే జవాబిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. డాక్టరు గారు ఎంత సంతోషపడ్డారో! గడ్డ మొత్తం వచ్చేసిందట. ఫిన్నీ చేతులు పట్టుకుని ఊపారు. నేను వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చుని ఏడ్చాను. పక్కన కూర్చున్న ఆవిడ మా ఆయన పోయారనుకుని నా వీపు నిమిరింది. కాదమ్మా, బతికారు అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

ఇంటికొచ్చి మూడో వారం. మాడు వాసన ఆయనకి ఇప్పటికీ తెలియదు, ఇక తెలియకపోవచ్చట. మిగతా అంతా మునుపటిలాగే. చెప్పులు గీత గీసినట్టు పెడతారు. పేపరు మడత చెక్కు చెదరదు. "ఇదిగో" అంటారు. అయ్యగారు ప్రార్థన చెయ్యడానికొచ్చి "కృతజ్ఞతా సాక్ష్యం చెబుతారా" అంటే తల అడ్డంగా ఊపారు.

నువ్వు నీ వాక్యాలు మళ్ళీ పంపితే పాత జవాబులే రాస్తాను. అడగకు.

సంపూర్ణమ్మ


రామచంద్రపురం,
10 నవంబరు 2025

నా బంగారు హెలెన్‌కి,

నువ్వు రెండు ఉత్తరాలు రాసినా జవాబివ్వలేదు. రాయడానికి ఏమీ లేక మానేశాను. నిన్న జరిగింది రాయకుండా ఉండలేను.

నిన్న ఆదివారం. గుడి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక గేటు చప్పుడైంది. చూస్తే బస్టాండు వాళ్ళు. పెద్దిరాజు ఆటోలో అందరినీ ఎక్కించుకుని వచ్చాడు. పూలమ్మే ఆవిడ, ఇద్దరు కండక్టర్లు, సోడా బండి రమేష్ బాబు. చేతుల్లో కమలాపళ్ళు, బ్రెడ్డు ప్యాకెట్లు. "చిట్టియ్య గారికి ఆపరేషనైందంట కదండీ, ఇన్నాళ్ళూ తెలవనే లేదండి. మమ్మల్ని ఆదివారం ఆదివారం రమ్మనేవారు, మేవే రాలేకపోయేవోళ్ళం" అన్నాడు పెద్దిరాజు. లోపలికి రమ్మన్నాను. ఆయన వెనక గదిలో ఉన్నారు. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఈ ఇంట్లో లేరని ఎలా చెప్పను?

గది గుమ్మం దగ్గరికి వెళ్ళి "బస్టాండు వాళ్ళు వచ్చారండీ. పడుకున్నారని చెప్పేయనా?" అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత లేచి చొక్కా వేసుకుని, బొత్తాలు పైదాకా పెట్టుకుని ముందు గదిలోకి వచ్చారు.

"కూర్చోండి" అన్నారు.

వాళ్ళు కూర్చున్నారు. ఆయన వాళ్ళ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పాపం, వాళ్ళు తమ బస్టాండు చిట్టియ్య గారనుకుని నవ్వుతూ మొదలుపెట్టారు. కబుర్లకి ఈయన నుంచి పలుకు లేదు. పూలావిడ నాకేసి చూసింది. రమేష్ బాబు చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. నేను టీ తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించి పెట్టుకున్నారు. నుదుటి మీద కుట్ల గీత చెమటతో మెరుస్తోంది. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అంత ఇబ్బంది పడటం నేను చూడలేదు. ఈ నిమిషమో, మరు నిమిషమో లేచి లోపలికి పోతారనుకున్నాను. పోలేదు. చాలాసేపటికి పెద్దిరాజు వైపు తిరిగి, ఒక్కో మాటా మోసుకొచ్చినట్టు, "మీ పాప... జ్వరం... తగ్గిందా?" అన్నారు.

పెద్దిరాజు మొహం ఎలా వెలిగిపోయిందో! "తగ్గిందండి, బడికెళ్తందండి. మీరెంతలా గుర్తెట్టుకున్నారండీ!" అన్నాడు. ఇక వాళ్ళే మాట్లాడుకున్నారు. ఆయన విన్నారు. ఆఖరున గేటు దాకా నడిచి వెళ్ళి, వాళ్ళు ఆటో ఎక్కేదాకా నిలబడ్డారు.

లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డారు, వరి కోత కోసి వచ్చినవాడిలా. మంచినీళ్ళిచ్చి అడిగాను, "అంత కష్టపడటం ఎందుకండీ? నేను చెప్పి పంపేసేదాన్ని కదా" అని.

గ్లాసు కింద పెట్టారు. నేనూ నా మిషను సరిచేసుకున్నాను. జవాబు వస్తుందని అనుకోలేదు.

"పిలిచింది నేనేగా" అన్నారు.

అత్తయ్య


విశాఖపట్నం,
14 నవంబరు 2025

అత్తయ్యా,

మీ ఉత్తరం ల్యాబ్‌లో నిలబడే చదివాను. మా గైడు గారు ఏమైందని అడిగారు. ఉత్తరం ఆవిడ చేతికి ఇచ్చాను. చదివి ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. ఇద్దరం ఆ పూట పని చెయ్యలేదు.

వచ్చే ఆదివారం నేను వస్తున్నాను. మావయ్య నాతో ఏమీ మాట్లాడక్కర్లేదని చెప్పండి. పక్కన కూర్చుంటాను.

హెలెన్